తప్పొప్పుల పట్టిక

చింతాద్రిపేట. చేపల మార్కెట్టు నీళ్లు
వీధి మలుపు దాకా వచ్చి ఆగే చోట
మెట్ల కింద నా డీటీపీ షాపు.
పెళ్లి పత్రికలు, పదహారో రోజు కార్డులు,
ఇల్లు అద్దెకివ్వబడును.

కుముదవల్లి గారు
ఖాళీ కుంకుమ డబ్బాలోంచి పెన్‌డ్రైవ్ తీశారు.
"మా నాయన రాసింది. తెరిస్తే ఏందేందో వస్తాది.
మావాడు చూసి వైరస్ అన్నాడు."

తెరిచాను.
పౌండు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు,
నెత్తిన రెండేసి చుక్కలున్న ఓలు, యూలు,
మధ్యలో ఎక్కడో ఒక కాపీరైటు గుర్తు,
ఎవరి హక్కో.

వైరస్ కాదమ్మా, అన్నాను.
ఎన్‌కోడింగ్ మార్చి చూశాను:
పౌండ్లు పోయి డబ్బాలొచ్చాయి.
ఇంకోటి మార్చాను:
డబ్బాలు పోయి చైనా అక్షరాల్లాంటివి దిగాయి.
వెనక్కొచ్చేశాను, సేవ్ చెయ్యకుండా.
అర్థం కానిదాన్ని సేవ్ చెయ్యకూడదు,
ఈ పనిలో నేను నేర్చుకున్నది అంతే.

ఫైలు బాగానే ఉంది. ఫాంటు లేదు.
యూనికోడ్ రాకముందు తెలుగు
ఇంగ్లీషు అక్షరాల ఇళ్లలో అద్దెకుండేది.
తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఇంకో గదిలో,
ఒత్తులన్నీ మేడ మీద.
ఫాంటు ఖాళీ చేసి వెళ్లిపోతే
ఇంటి ఓనర్లే కనిపిస్తారు.

అటక మీద పాత కంప్యూటర్ దించాను,
లుంగీ చుట్టి దాచినది.
దాని వెనక అగ్గిపెట్టెంత లాకు,
అది ఊడితే ఒక్క అక్షరం పలకదు.
మూడోసారికి ఆన్ అయింది.
పెన్‌డ్రైవ్ పెట్టే చోటు లేదు దానికి,
కొత్తదాంట్లో సీడీ కొట్టి ఇందులో వేశాను.
ఒక్కో ఫాంటూ తొడిగి చూస్తే
పదకొండోదానికి
పౌండు గుర్తు కదిలి 'త' అయింది.
పక్కనే 'ప్పు'.
నేనేం చేశానా అని ఉలిక్కిపడ్డాను.
అది హెడ్డింగు.
ఒక పక్క తప్పు, ఒక పక్క ఒప్పు.

రాయపేటలో ఒక తెలుగు ప్రెస్సులో
నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దారట ఆయన.
రిటైరయ్యాక కూర్చుని టైపు చేసుకున్నారు
తన కంటి కింద నుంచి జారిపోయినవన్నీ.

నిఘంటువు, 212వ పుట: భాద. బాధ.
వంటల పుస్తకం: ఉప్పు రెండు సేర్లు. రెండు చెంచాలు.
కరపత్రం, పెరంబూరు: సంతోష సభ. సంతాప సభ.
పెళ్లి పత్రిక: వరుడి పేరు చోట వరుడి తండ్రి పేరు.
దాని కింద చిన్నగా, పెళ్లి ఆగలేదు.

"ఇప్పుడు బాగుందా?" అని
తెర ఆమె వైపు తిప్పాను.
అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.
"మాట్లాడేదానికి వస్తాది,
చదివేదానికి రాదమ్మా. తమిళంలోనే చదివినా.
నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకే మాదిరి ఉండాది."

సరే, నేనే చదివాను.
బయట ఐసు దిమ్మలు దించుతున్నారు.
సంతోష సభ దగ్గర ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు,
ఉప్పు దగ్గర, "అది మా ఇంట్లో చేసి చూసినారు" అన్నారు.

చివరి పేజీ, చివరి వరుస.
1974 జూన్. కార్పొరేషన్ స్కూలు అప్లికేషన్.
తప్పు: కుముదవల్లి, మీడియం తమిళం.
ఒప్పు:

ఏదో ఎగిరిపోయిందనుకున్నాను.
అవుతుంటుంది. క్రావడి ఎగిరిపోతుంది, క్ష ఎగిరిపోతుంది.
పౌండ్లూ చుక్కలూ ఉన్న అసలు ఫైలు తెరిచి
ఆ గడిలో కర్సర్ నడిపించి చూశాను.
ఒక్క అడుగు కూడా పడలేదు.
స్పేసు కూడా కొట్టలేదు ఆయన.

"నిలిపేసినావే, చదువు."
చదివాను. రెండో గడి దగ్గర, "అక్కడేం లేదమ్మా" అన్నాను.
ఆమె కాసేపు ఐసు బండి వైపు చూశారు.
"అక్షరాలు పెద్దవి చేసి ప్రింటు తియ్యి."

కన్వర్టర్‌లో వేసి, కొత్తదాంట్లోకి తెచ్చి
నలభై రెండు పేజీలు తీశాను.
చివరి కాగితం పట్టుకుని అడిగారు,
"ఇందులో నా పేరు ఏది?"
చూపించాను.
వేలితో లెక్కపెట్టుకున్నారు, కు, ము, ద, వ,
లి.
ఒత్తు దారిలో జారిపోయింది.
పెట్టి, సేవ్ చేసి, మళ్లీ తీశాను.
ఆ ఒక్క పేజీకి డబ్బులు తీసుకోలేదు.